కుడి కుర్చీ

తప్పు మీదే కృష్ణమోహన్ గారూ. మీదీ, మీరు చీఫ్ పైలట్‌గా ఉన్న ఆ చార్టర్ కంపెనీదీ. కొత్త బిజినెస్ జెట్ కొన్నారు, దానికి ఒక కో-పైలట్ కావాలనుకున్నారు, ప్రకటన వేయలేదు, పరీక్ష పెట్టలేదు, ఎవరో ఎవరికో ఫోన్ చేశారు, ఆ ఎవరో ఎల్లారెడ్డి రాజయ్య గారికి బావమరిది అయ్యాడు, రాజయ్య గారి బిడ్డ ఆశ్రితకు సీటు ఖాయమైంది. నేను పంపిన దరఖాస్తులకు అందింది అన్న ఒక్క ముక్క కూడా మీ దగ్గర్నుంచి రాలేదు. అది చాలదన్నట్టు పోయిన ఆదివారం వీడియో కాల్‌లో, ‘అమ్మాయ్, నీ చేతులు ఎంత శుభ్రంగా కదులుతున్నాయి, పక్కనున్నామె మాత్రం తొందర పడుతోంది, కాస్త నెమ్మదిగా చేయమను’ అన్నారు. ఆ పక్కనున్నామె నేను. నా పేరు రూత్. నాకూ ఆశ్రితకు ఉన్న లైసెన్సే ఉంది, ఒకే ఫ్లయింగ్ స్కూల్, ఒకే బ్యాచ్. ఆమె కన్నా ముందే నేను ఒంటరిగా విమానం లేపి దింపాను. ఆ మాట మీకు తెలియదు, ఎందుకంటే మీరు అడగలేదు. పక్కన ఎవరమ్మా అని మాత్రం అడిగారు, ఆశ్రిత ఏం చెప్పింది, నా ఫ్రెండ్ సార్, కామారెడ్డిలో లెక్కల టీచర్ అంది. అబద్ధం కాదు. పొద్దున్నే ఇంటర్ పిల్లలకు త్రికోణమితి చెప్పి, చేతికి సుద్ద అంటుకుని ఉండగానే ఈ బస్సెక్కాను. అబద్ధం కాదు కాబట్టే అది ఇప్పటికీ గొంతులో చేప ముల్లులా ఉంది.

బస్సు కామారెడ్డి కొత్త బస్టాండు దాటింది. కండక్టర్ నా ఆధార్ కార్డు వంక చూడకుండానే ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ చింపి ఇచ్చాడు. డ్రైవర్ వెనక వరసలో కుడి వైపు కిటికీ పక్కన కూర్చున్నాను, నా ఎడమ పక్కన ఒక అవ్వ, ఆమె ఒళ్లో గుడ్డ సంచి, సంచిలోంచి కుక్కర్ పిడి బయటికి పొడుచుకొచ్చి ఉంది. రిపేరుకిచ్చి తెచ్చుకుంటోందట, లింగంపేటలో దిగుతుందట, నేను అడక్కుండానే చెప్పింది. నువ్వేడికి బిడ్డా అంది. ఎల్లారెడ్డి అన్నాను. చుట్టాలింటికా అంది. ఏమనాలి. ఆశ్రిత నాకు చుట్టం కాదు, స్నేహితురాలు అందామంటే ఈ నెలంతా ఆమె పేరు వింటేనే నాకు గిట్టడం లేదు. ఇయ్యాల సాయంత్రం మీరు మళ్లీ ఫోన్ చేస్తారు, ఆఖరి సారి చూస్తానన్నారు, బాగా లేకపోతే ఈ బ్యాచ్‌కు పంపను, తర్వాత చూద్దాం అన్నారు. బాగుంటే ఆశ్రిత దుబాయి పోతుంది, అక్కడ సిమ్యులేటర్‌లో ఆ జెట్ నడపడం నేర్చుకుని, రేటింగ్ తెచ్చుకుని, భుజం మీద పట్టీలు వేసుకుని వస్తుంది. మా నాగిరెడ్డిపేట నుంచి దుబాయి పోయినవాళ్లు చాలామంది ఉన్నారు, మా అన్న లక్ష్మణ్ ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, దిగగానే కంపెనీ బస్సు వచ్చి క్యాంపుకు తోలుకుపోతుంది, ఒక్కో గదిలో అంతస్తుల మంచాలు. ఆశ్రితకు హోటల్ గది. ఆ గదిలో దిండ్లు ఎన్ని ఉంటాయో కూడా నేను ఊహించుకున్నాను. దిండ్ల మీద కుళ్లుకునేదాన్ని నన్ను నేను ఏమనుకోవాలి.

ఒక్కో రకం జెట్‌కు ఒక్కో శిక్షణ, దాన్నే టైప్ రేటింగ్ అంటారు, లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆ విమానం తలుపు కూడా ముట్టుకోనివ్వరు. సిమ్యులేటర్ ఎక్కే ముందే ఇంట్లో చేతులకు దారి అలవాటు కావాలి. ఏ మీట తర్వాత ఏ మీట, ఎటు నుంచి ఎటు, కళ్లు మూసుకున్నా చెయ్యి పోవాలి. అందుకే కాక్‌పిట్ బొమ్మ పెద్దగా అచ్చువేసి గోడకు అంటించి, ముందు కుర్చీలు వేసుకుని కూర్చుని విమానం నడుపుతారు, ప్రపంచమంతా అట్లాగే చేస్తుంది. ఎల్లారెడ్డిలో మాత్రం అది ఫ్లెక్సీ అయింది. రాజయ్య గారు బొమ్మను ఫ్లెక్సీ కొట్టే హన్మండ్లుకు ఇచ్చి వచ్చారు. వాడు కొట్టిందంతా లీడర్ల పుట్టినరోజులు, బతుకమ్మ శుభాకాంక్షలు. కాక్‌పిట్ బొమ్మ చూసి, ఫోటో ఎవరిది పెట్టాలె పటేలా అని అడిగాడట. ఫోటో లేకుండా ఫ్లెక్సీ ఏంది అని వాడికి అనుమానం. రాజయ్య గారికీ ఆ అనుమానం న్యాయంగానే తోచింది. దాంతో పై ఎడమ మూలలో, ఇంజన్‌కు మంటలొస్తే నొక్కే ఎర్ర మీట పక్కనే, రాజయ్య గారు తెల్ల చొక్కాలో దండం పెడుతూ ఉంటారు, పక్కన ఆశ్రిత అమ్మ ప్రమీలమ్మ గారు. కింద ‘శుభాకాంక్షలతో’ అని కూడా ఉండేది, ఆశ్రిత ఏడ్చి గోల చేస్తే దాని మీద తెల్ల కాగితం అంటించారు. నాన్న బొమ్మ అట్లాగే ఉంది. ఇంజన్ మంట అని నేను అరిచినప్పుడల్లా ఆమె వేలు వాళ్ల నాన్న మోచేతి పక్కకు పోతుంది. రెండు కుర్చీల మధ్య ఒక అట్టపెట్టె, దానికి రెండు కన్నాలు, వాటిలో ప్రమీలమ్మ గారి పప్పుగుత్తులు రెండు. అవే మా థ్రాటిల్ పిడులు. ముందుకు తోస్తే ఇంజన్ల బలం పెరిగినట్టు, వెనక్కి లాగితే తగ్గినట్టు. పప్పు వండే పూట ప్రమీలమ్మ గారు వచ్చి, ఒక ఇంజన్ ఇయ్యిర్రి బిడ్డా, గంటల మల్ల తెచ్చిస్త అంటారు. అప్పుడు మేము ఒక్క ఇంజన్‌తోనే దిగుతాం.

నవ్వొస్తుంది కదా. నాకూ వచ్చేది. ఆ ఇంట్లో వాళ్లు చెడ్డవాళ్లయితే నా పని తేలికయ్యేది. ప్రమీలమ్మ గారు నాకు వేడి సర్వపిండి పెడతారు, పోయేటప్పుడు మా అమ్మకని కట్టిస్తారు. మా అమ్మ మరియ పోచారం చెరువు కింద వాళ్ల మడుల్లో నాట్లేసింది, ఇప్పటికీ రాజయ్య గారు కనబడితే పటేలా అని చెంగు సర్దుకుంటుంది. ఆయన నన్ను బిడ్డా అనే పిలుస్తారు. ఒకరోజు పొలంలో మందు కొట్టే డ్రోన్ చూపించి, నువ్వు గీ కోర్సు చెయ్యరాదు రూతూ, కింద నిలబడే ఎగరేయొచ్చు, పడతామన్న భయం లేదు, మా మడులన్ని నీకే ఇస్త అన్నారు. నిజంగా నా మేలు కోరే అన్నారు. అదే నాకు నిప్పు పెట్టింది. తన బిడ్డకు మేఘాల మీద జెట్, నాకు వాళ్ల వడ్ల మీద డ్రోన్. ఆయన దృష్టిలో అది రెండూ ఎగరడమే. నేను సరే బాపు చూస్త అన్నాను. ఎందుకన్నాను. ఫ్లయింగ్ స్కూల్లో విమానం రెక్క కింద బైఠాయించినదాన్ని, విమానాలు షెడ్డులో పెట్టి మా దగ్గర ఎగరని గంటలకు ఫీజు ఎట్లా తీసుకుంటారని మైకు లేకుండా అరిచినదాన్ని, ఆ ఇంట్లో మాత్రం నా గొంతు ఎందుకు మెత్తబడుతుంది. మా అమ్మ చెంగు నా భుజం మీద కూడా ఉందా ఏంది.

ఆ బైఠాయింపు రోజు ఆశ్రిత కూర్చోలేదు. ఫ్లాస్కులో చాయ్ తెచ్చి ఇచ్చింది, నా పక్కన నిలబడింది, కూర్చోమంటే మా బాపు తిడతడే అంది. విమానాలు బయటికొచ్చాయి, అందరికీ ఎగిరే గంటలు దొరికాయి, ఆమెకూ దొరికాయి. ఆ తర్వాత ఏ కంపెనీకి పోయినా నన్ను చూసి, ఓ, ఆ గొడవ చేసిన అమ్మాయివా అన్నారు. చాయ్ తెచ్చిన అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదు. నేను మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగిన రోజు, ఆనవాయితీ ప్రకారం బకెట్ నీళ్లు నెత్తి మీద గుమ్మరించాలి, ఎవరు పోస్తారంటే నేనే పోస్త అని ఆశ్రిత బకెట్ లాక్కుంది. చలికాలం. నీళ్లతో పాటు బకెట్ కూడా నా తలకు తగిలింది. సారీ సారీ అని నవ్వుతూ తుడిచింది. ఇప్పుడు ఆ బకెట్ తగలడం కూడా నేను మళ్లీ తీసి చూస్తున్నాను, అది చెయ్యి జారి తగిలిందా, కావాలని తగిలిందా అని. కుళ్లు చేసే పని ఇదే, పాత మంచినంతా తీసి ఎండకు పట్టి చిల్లులు వెతుకుతుంది.

తాడ్వాయి దాటాక రోడ్డు మీద సగం యాసంగి వడ్లు ఆరబోసి ఉన్నాయి, అంచుల వెంట రాళ్లు పెట్టారు, బస్సు మిగిలిన సగంలోంచి మెల్లగా పోతోంది. ఎదురుగా ట్రాక్టర్ వస్తే డ్రైవర్ తల బయట పెట్టి, అన్నా జర ఎనుకకు పోరాదే అన్నాడు. నువ్వే పో, నీకు పెద్ద అద్దం ఉంది గద అన్నాడు ట్రాక్టర్ వాడు. ఈ డ్రైవర్ కుడి వైపు కూర్చున్నాడు, మన దేశంలో కార్లకు, బస్సులకు, ట్రాక్టర్ తోలేవాళ్ల మనసుకు కూడా కుడి వైపే పెద్దరికం. మొదటిరోజు కుర్చీలు వేసింది రాజయ్య గారే. బిడ్డను కుడి వైపు కూర్చోబెట్టి, కార్ల డ్రైవర్ సీటు గిటే గద అన్నారు. ఆశ్రిత నవ్వి, కాదు బాపు, విమానంల కెప్టెన్ ఎడమ దిక్కు కూసుంటడు అంది. అంతే, ఆయన వంగి ఆమె కుర్చీ పట్టుకున్నారు, లే లే, అయితే ఎడమ దిక్కే కూసో. నేను పోయేది కో-పైలట్‌గ బాపు, కో-పైలట్ కుడి దిక్కే ఉంటది అంది ఆమె. ఇంట్ల కూడ కో-పైలటేనా బిడ్డా అన్నారాయన. అంత ప్రేమగా అంటే ఆశ్రిత మాత్రం ఏం చేస్తుంది. అక్కడికి పోయినంక మారుత తియ్ అని నాతో మెల్లగా అని ఎడమ కుర్చీలో కూర్చుంది. మిగిలిన కుర్చీలో నేను కూర్చున్నాను. తర్వాత చుట్టాలొచ్చారు, మాచారెడ్డి నుంచి మేనత్తలొచ్చారు, ఫోన్లతో వీడియోలు తీశారు, మా ఆశ్రిత కెప్టెన్ అని స్టేటస్‌లు పెట్టారు, ఇక ఆ కుర్చీ కదిలేది ఎట్లా. పోయిన ఆదివారం మీరు ఫోన్ చేసినప్పుడు, ఫోన్‌ను వెనక స్టాండు మీద ఎత్తులో పెట్టాం, మొహాలు వద్దు, చేతులూ బొమ్మా కనబడితే చాలు అన్నది మీరే. మీకు కనబడింది ఫ్లెక్సీ, పప్పుగుత్తులు, నాలుగు చేతులు. అయిపోయాక మీరు మెచ్చుకున్నారు, రాజయ్య గారు చప్పట్లు కొట్టారు, ప్రమీలమ్మ గారు బిడ్డ నుదురు మీద చెయ్యి తిప్పి మెటికలు విరిచారు, ఆశ్రిత థ్యాంక్యూ సార్ అంది. ఆ తర్వాత నాతో, నువ్వు జర తొందర పడుతున్నవంటనే అంది. ఆ మాట పట్టుకుని వారమంతా నిద్రలేదు నాకు. కాలేజీలో బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగి నా చేతుల వంక చూసుకున్నాను. ఇవా తొందర పడేవి. నెమ్మదిగా చేద్దామని ఇంట్లో గోడకేసి ఒంటరిగా చేశాను, మరీ నెమ్మదైతే తప్పులొచ్చాయి. ఆమె చేతుల్ని గుర్తు తెచ్చుకుని వాటిలాగా కదపాలని చూశాను. ఆమె చేతుల మీద కుళ్లు. గోళ్ల మీద, వాచీ మీద, ఆ తెల్లటి మణికట్టు మీద.

ఇప్పుడు కూడా చేస్తున్నాను. కళ్లు మూసుకుని బస్సు సీట్లోనే వరస మొదలెట్టాను, నెమ్మదిగా, మీరు చెప్పినట్టే, పైన బ్యాటరీ, తర్వాత లైట్లు, తర్వాత ఇంధనం, కుడి చెయ్యి కుడి పక్క మీటలకు, ఎడమ చెయ్యి మధ్యకు, మధ్యలో పిడులు, పట్టుకో, మెత్తగా ముందుకు తొయ్యి. తోశాను. ఏదో గట్టిది చేతికి తగిలింది, ముందుకు పోయింది. ఏందే బిడ్డా, నా కుక్కర్ గుంజుతున్నవ్ అంది అవ్వ. కళ్లు తెరిచాను. నా ఎడమ చెయ్యి కుక్కర్ పిడి మీద ఉంది. గట్టిగా, వేళ్లన్నీ చుట్టి, తన సొంతంలాగా పట్టుకుని ఉంది. తప్పయిందవ్వా, ఏదో ఆలోచన్ల ఉన్న అన్నాను. గుంజితే గుంజినవ్ గని పిడి ఊడితే మల్ల కామారెడ్డి పోవాలె నేను అని సంచిని అవతలి తొడ మీదికి జరుపుకుంది. నేను చెయ్యి తీశాను కానీ చూస్తూనే ఉన్నాను. ఎడమ చెయ్యి. పిడులు మధ్యలో ఉంటాయి, ఎడమ సీటు వాళ్లు కుడి చేత్తో పట్టుకుంటారు, కుడి సీటు వాళ్లు ఎడమ చేత్తో పట్టుకుంటారు. నా ఎడమ చేతికి ఎందుకు వచ్చు. కుడి సీట్లో కూర్చున్నాను కాబట్టి. కుడి సీటు ఎవరిది. కో-పైలట్‌ది. కో-పైలట్‌గా పోతున్నది ఎవరు.

బస్సు వడ్ల పక్కన అట్లాగే నిలబడి ఉంది, నేను కుడి ఎడమలు వేళ్ల మీద మళ్లీ లెక్కేసుకున్నాను. కృష్ణమోహన్ గారూ, మీకు మొహాలు కనబడలేదు. కో-పైలట్ శిక్షణకు పోయే అమ్మాయి కుడి కుర్చీలోనే ఉంటుందని మీరు అనుకున్నారు, ఎవరైనా అదే అనుకుంటారు, ఎడమ వైపు కూర్చోబెట్టే నాన్న ఒకాయన ఉంటాడని మీకెట్లా తెలుస్తుంది. శుభ్రంగా కదిలాయి అన్నది కుడి వైపు చేతుల్ని. నా చేతుల్ని. తొందర పడుతోంది అన్నది ఎడమ వైపు ఆమెను. ఆశ్రితను. ఆ గదిలో మెచ్చుకోలు ఏదొచ్చినా ఆశ్రిత దగ్గరికి పోతుంది, తిట్టు ఏదొచ్చినా నా దగ్గరికి వస్తుంది, అదంతా ఎవరూ ఆలోచించి చేయలేదు, నీళ్లు పల్లానికి పోయినట్టు పోయింది, నేను కూడా ఒక చెయ్యేసి అటే తోశాను. వారమంతా నేను కుళ్లుకున్నది నా చేతుల మీదే. మీరు మెచ్చుకున్న నా చేతులకే ఆమె చేతుల్లాగా కదలమని పాఠం చెప్పుకున్నాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఎండిపోయి కోపం వచ్చింది, ఆ కోపం కింద, చెప్పడానికి సిగ్గుపడను, సంతోషం వచ్చింది, నల్లటి సంతోషం. ఆమె చేతులు తప్పు దారి నేర్చుకున్నాయి. నెలంతా కుడి చేత్తో పప్పుగుత్తులు తోసింది. ఇయ్యాల మీరు మొహాలు చూపిస్తూ చేయమన్నారు. కుడి కుర్చీలో కూర్చో అంటారు. కూర్చుంటుంది, ఆమె కుడి చెయ్యి గాలిలో పిడుల కోసం వెతుకుతుంది, ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంటుంది, ఇంజన్ మంట అనగానే వేలు వాళ్ల నాన్న మోచేతి కోసం అటు పోవాలా ఇటు పోవాలా తెలియక ఆగుతుంది. నేను నోరు తెరవక్కరలేదు. అబద్ధం చెప్పక్కరలేదు. అవునూ, నేను టీచర్నే కదా, లెక్కల టీచర్ని, నాకెందుకు ఏ కుర్చీ ఎవరిదో.

లింగంపేటలో అవ్వ దిగింది. దిగుతూ దిగుతూ, పైలం బిడ్డా, ఎవలి మీదనో గుస్సతోని పోతున్నవ్, పండ్లు కొరుకుతున్నవ్ అంది. ఆమె ఖాళీ చేసిన సీటు మీద నా ఎడమ చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఆశ్రిత తడబడితే ఏమవుతుంది. ఈ బ్యాచ్ పోతుంది. రాజయ్య గారు బావమరిదికి ఫోన్ చేస్తారు, తర్వాతి బ్యాచ్‌లో పెడతారు. లేదా మీరు ఇంకెవరి బావమరిది ఫోనో ఎత్తుతారు. నా దరఖాస్తు అక్కడే ఉంటుంది, ఏ అడుగున ఉందో అక్కడే. ఆమె పడిపోయినంత మాత్రాన నేను లేచి నిలబడను. ఇంకొకటి కూడా ఉంది, ఇది నా మంచితనం అనుకోకండి, నా దగ్గర ఇయ్యాల మంచితనం లేదు. ఆమె కుర్చీ తప్పు కావడం వల్ల ఓడిపోతే, పాపం కుర్చీ వల్ల పోయింది అంటారు. జీవితాంతం అంటారు. నాకు ఆ గెలుపు వద్దు. సరైన కుర్చీలో కూర్చున్న ఆశ్రిత, చేతులు కుదిరిన ఆశ్రిత, వాళ్ల నాన్న చప్పట్లు వెనకున్న ఆశ్రిత, ఆ ఆశ్రిత కన్నా నా చేతులు మేలని తేలాలి. పేరు పెట్టి తేలాలి. నా కుళ్లుకు అంతకన్నా తక్కువ సరిపోదు. కానీ ఆమె కుడి వైపుకు మారితే నేను ఎటు పోతాను. ఉన్నవి రెండే కుర్చీలు. ఆమెకు మేలు చేయాలంటే ఆ ఇంట్లో, రాజయ్య గారి ఎదురుగా, ఆయన బిడ్డ కోసం వేసిన కెప్టెన్ కుర్చీలో మరియ కూతురు కూర్చోవాలి. ఎల్లారెడ్డి బోర్డు కనబడింది, బస్సు ఇంకా ఆగకముందే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను.

గేటు దగ్గర రాజయ్య గారు చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నారు. దా బిడ్డా, నీ కోసమే చూస్తున్నం, ఫోన్ అచ్చే యాళ్లయింది అన్నారు. మేడ మీద గదిలో ఆశ్రిత ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు ముడేసుకుని, ఎడమ కుర్చీలో కూర్చుని ఉంది. ఈసారి ఫోన్ పక్క గోడ దగ్గర, మొహాలు కనబడేట్టు పెట్టారు. నేను నా కుర్చీలో కూర్చోలేదు.

“ఆశ్రితా, లే. కుర్చీ మారు.”

“ఏమైందే, ఇప్పుడా?”

“నువ్వు పోయేది కో-పైలట్‌గ. కుడి దిక్కు కూసో.”

“ఉన్నదాన్ని ఉండనియ్యి బిడ్డా, ఆఖర్ల ఎందుకు ఆగం చేస్తవ్,” అన్నారు రాజయ్య గారు గుమ్మంలోంచి. “పోయినసారి మెచ్చుకునె గద సారు.”

“మెచ్చుకున్నది కుడి దిక్కు చేతుల్ని బాపు. ఆయనకు మొకాలు కనవడలే.”

ఆయనకు అర్థం కాలేదు, బిడ్డ వంక చూశారు. ఆశ్రిత మాత్రం నా వంకా చూడలేదు, ఆయన వంకా చూడలేదు, పప్పుగుత్తుల వంక చూసింది. “నాకు మర్నాడే సమజైంది,” అంది.

“మరి చెప్పలే.”

“నువ్వు చెప్తవేమో అని చూసిన. నువ్వు చెప్పకపోతే ఊకుందాం అనుకున్న.”

“నాకు ఇయ్యాల బస్సుల సమజైంది.”

“నీ చేతులంటే నాకు ఎప్పటి నుంచో కుళ్లే,” అంది మామూలుగా, ఉప్పు తక్కువైంది అన్నట్టు. “బకెట్ నీళ్లు పోసిననాడు గూడ.”

“బకెట్ గుద్దింది కావాలనేనా?”

“సగం.”

నవ్వలేదు ఇద్దరమూ. ఆమె లేచింది, నా పక్క నుంచి దాటి కుడి కుర్చీలో కూర్చుంది, పిడుల కోసం కుడి చెయ్యి చాచింది, చెయ్యి గాలిలో ఆగిపోయింది. అది రాజయ్య గారు చూశారు. తన బిడ్డ చెయ్యి అట్లా గాలిలో దారి తప్పి నిలబడటం ఆయన చూశారు. ఆయన లోపలికి వచ్చి ఖాళీ అయిన ఎడమ కుర్చీ వీపు మీద చెయ్యేశారు. నేను కుర్చీ ముందు నిలబడి ఎదురు చూశాను, సరే బాపు అనలేదు. ఆయన చెయ్యి తీశారు. “కూసో మరి,” అన్నారు. కూర్చున్నాను. అక్కడి నుంచి ఫ్లెక్సీ వేరేగా కనబడింది, ఎర్ర మీట నాకు దగ్గరైంది, రాజయ్య గారి మోచెయ్యి కూడా దగ్గరైంది. “ఎడమ చెయ్యి,” అన్నాను ఆశ్రితతో, “మధ్యకు ఎడమ చెయ్యి తీస్కపో, కుడి చెయ్యి నీ కిటికీ దిక్కు.” తీసుకుపోయింది. మళ్లీ తీసుకుపోయింది. మూడోసారికి కొంచెం దారి పట్టింది. ఆమె తొందరగా నేర్చుకుంటుంది, ఎప్పుడూ అంతే, దాని మీద కూడా నాకు కుళ్లే. ఫోన్ మోగింది.

కృష్ణమోహన్ గారూ, తెర మీదికి మీరు వస్తున్నారు, ఈసారి మీకు రెండు మొహాలు కనబడతాయి. ఎడమ కుర్చీలో ఉన్నది ఎవరు అని మీరు అడిగే దాకా ఆగను. నా పేరు రూత్, నాకు లైసెన్సు ఉంది, నా దరఖాస్తులు మీ దగ్గరే ఉన్నాయి, పోయిన ఆదివారం మీరు మెచ్చుకున్న చేతులు ఇవి. ముందు కుడి కుర్చీలో ఆశ్రితను చూడండి, పిడులు దొరకక తడుముకుంటే ఆమెకు ఇంకో వారం గడువివ్వండి, అది ఆమె తప్పు కాదు. తర్వాత మేమిద్దరం కుర్చీలు మార్చుకుంటాం, ఈ కాల్ కట్ చేయకుండా నన్ను చూడండి. అదే వరస, అదే ఇంజన్ మంట, అవే పప్పుగుత్తులు. మీ జెట్‌కు కో-పైలట్ ఎవరో చూసింది చూసినట్టు ఇప్పుడే, ఈ గదిలో అందరూ వినేట్టు, పేరు పెట్టి చెప్పండి. ఇకమీద ఖాళీ అయ్యే ప్రతి కుర్చీకీ ఇట్లాగే, ఫోన్లు ఎత్తడం ఆపి, అడిగిన ప్రతివాళ్లనూ కూర్చోబెట్టి చేతులు చూడండి. ఎవరి చేతులో తెలియకపోతే అడగండి.